“మగ్గనివ్వాలి” అన్న మాటకు ఇంగ్లీషేమిటి?

మా శ్రీమతి 2021లో కాలం చేసినది. ఆమె వదలి వెళ్ళిన వస్తువులలో అట్ట చినిగిన నోటు పుస్తకం ఒకటి ఉన్నది. నూనె మరకలతో, పసుపు వ్రేళ్ళ గుర్తులతో నిండిన ఆ పుస్తకంలో ఆమె తన చేతివ్రాతతో వ్రాసుకొన్న వంటలున్నవి. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి గత వేసవిలో వచ్చినప్పుడు దానిని ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు తిరగవేసి, “నాన్నగారూ, దీనిని ఇంగ్లీషులోకి వ్రాసిపెట్టండి. పాపకు తెలుగు చదవడం రాదు. అమ్మమ్మ వంటలు నేర్చుకోవాలని దానికి మహా కోరికగా ఉన్నది” అన్నది. ముప్పై రెండేళ్ళు తెలుగు పండితుడిగా బడిలో పాఠాలు చెప్పి, ప్రబంధ పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పినవాడను. వంకాయ కూరకు చెప్పలేకపోతానా అనుకొని సరేనన్నాను.

మొదటి పుటలోనే పట్టుబడినాను.

ఆమె వ్రాసినది ఇంతే: “ముక్కలు వేసి మూత పెట్టి మగ్గనివ్వాలి. తడి ఇగిరాక, దోరగా వేయించి దంచిన నువ్వులపొడి చల్లాలి. కారం ఎంతన్నది కంటికి తెలుస్తుంది.” మూడు వాక్యాలు. వీనిలో మగ్గడం, ఇగరడం, దోర, కంటికి తెలియడం అనే నాలుగింటి దగ్గరా నా కలం ఆగిపోయినది. మగ్గడమంటే ఉడకడం కాదు. నీళ్ళు పోస్తే మగ్గడం కాదు. వేగడమూ కాదు, నూనె ఎక్కువైతే అది వేపుడు. మూత క్రింద, చిన్న సెగ మీద, తనలోని తడితో తానే మెత్తబడడం మగ్గడం. గడ్డిలో వేసిన మామిడికాయ మగ్గుతుంది. చెరసాలలో మనిషి మగ్గుతాడు. ఇన్ని అర్థాలను మోసే మాటను ‘కుక్’ అని వ్రాసి చేతులు దులుపుకోవడానికి మనసొప్పలేదు.

నాతోబాటు పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఆంగ్లోపాధ్యాయ మిత్రుడి వద్దకు వెళ్ళి అడిగాను. ఆయన తడుముకోకుండా, “దానికి మాట ఉన్నదండీ, స్వెట్ అంటారు” అన్నాడు. వంకాయలకు చెమట పట్టించడమా అని నవ్వినాను. ఆయన నవ్వలేదు. నూనె కొద్దిగా వేసి, మూత పెట్టి, రంగు మారకుండా కూరముక్కలు తమ నీటిని తామే వదిలేలా చేయడానికి ఇంగ్లీషు వంటవారు వాడే మాట అదేనట. ఆపైన ఇంకొకటి చెప్పినాడు. తాను చేసిన తప్పుకు తానే కుమిలిపోతున్నవాడిని ‘స్వంత రసంలో స్టూ అవుతున్నాడు’ అంటారట ఆ భాషలో. అంటే మగ్గుతున్నాడన్నమాట! వంటింటి మాట మనిషి బాధ దాకా నడవడం మనకే ప్రత్యేకమనుకొన్న నా అహంకారం ఆ పూట కొంత ఇగిరినది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్ననాళ్ళూ నేను పిల్లలకు, “ఇంగ్లీషువాడికి వంటలో బాయిల్, ఫ్రై అని రెండే మాటలురా” అని చెప్పేవాడిని. తెలియక చెప్పిన మాట. పిల్లలు నవ్వేవారు, నాకు తృప్తిగా ఉండేది. ఈ నోటు పుస్తకం పుణ్యమా అని నిఘంటువులు ముందు వేసుకొని కూర్చుంటే, ఆ భాష వంటింట్లో ఎన్ని మాటలున్నవో, అవి ఎక్కడెక్కడినుండి వచ్చినవో తెలిసివచ్చినది. నీరు బుడగలెత్తి తెర్లితే బాయిల్, అంచున సన్నగా చిటపటలాడుతుంటే సిమ్మర్. గ్రుడ్డు పెంకు తీసి వేడినీటిలోకి జారవిస్తే పోచ్; తెల్లసొన పచ్చసొనను సంచిలో పెట్టినట్లు మూస్తుంది గనుక, సంచీ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుండి అది వచ్చినది. పెనం మీద ముక్కలను ఎగరవేస్తూ వేయిస్తే సాటే. ఫ్రెంచిలో దానికి ఎగరడమని అర్థం. స్టూ అన్నది మొదట వేడినీటి స్నానశాల పేరు. చివరకు బాయిల్, ఫ్రై, రోస్ట్ అన్నవి కూడా ఫ్రెంచివారి నుండి వచ్చినవే.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించినారు. దొరల ఇంట ఫ్రెంచి, పాలేర్ల ఇంట ఇంగ్లీషు. దొడ్డిలో మేస్తున్నంతసేపు ఆక్స్, కాఫ్, స్వైన్ అని ఇంగ్లీషు పేర్లతో ఉన్న జంతువులు దొరల విస్తట్లోకి రాగానే బీఫ్, వీల్, పోర్క్ అని ఫ్రెంచి పేర్లు తొడుక్కొన్నవని 1819లో వెలువడిన ‘ఐవాన్‌హో’ నవలలో వాల్టర్ స్కాట్ ఒక విదూషకుడి చేత పందుల కాపరికి చెప్పించినాడు. కథలో అది ఎంతో రక్తి కట్టినది గాని, చరిత్ర అంత తిన్నగా లేదు. బీఫ్ అనే మాట బ్రతికున్న పశువుకూ చాలాకాలం వాడుకలో ఉన్నది. దొడ్డి మాట వేరు, విస్తరి మాట వేరు కావడానికి శతాబ్దాలు పట్టినది. పేదవాడు పెంచినది, దొర తిన్నది అన్న నిజం మాత్రం ఆ మాటల వెనుక లేకపోలేదు.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా పట్టుకొన్న మాట సీద్. ఉడికించడానికి ఇంగ్లీషువారి సొంత మాట అది. 1611 నాటి బైబిలు అనువాదంలో ఇంకా వంట అర్థంలోనే కనిపిస్తుంది. తరువాత బాయిల్ వంటింటిని ఆక్రమించుకొన్నది, సీద్ బయటకు వెళ్ళిపోయినది. ఇప్పుడది కోపంలో మాత్రమే బ్రతుకుతున్నది. కోపంతో కుతకుతలాడేవాడు సీద్ అవుతాడు గాని, బంగాళాదుంప ఎంత ఉడికినా సీద్ కాదు. మన ‘ఉడుకు’ సంగతి చూడండి. పప్పూ ఉడుకుతుంది, పిల్లవాడూ ఉడుక్కుంటాడు, ‘నీ పప్పులు ఇక్కడ ఉడకవు’ అని గడుసువాడినీ అదలిస్తాము. మాట వంటింట్లో ఒక కాలు, వీధిలో ఒక కాలు పెట్టి నిలబడి ఉన్నది. ఎన్నాళ్ళు నిలబడుతుందన్నదే నా బెంగ.

ఎందుకంటే మనం ఇప్పుడు పాలు బాయిల్ చేస్తున్నాము, పప్పు బాయిల్ చేస్తున్నాము, నీళ్ళు బాయిల్ చేస్తున్నాము. మా చిన్నప్పుడు పాలు కాచేవారు, నీళ్ళు కాగేవి, చారు మరిగేది, ఎసరు మసలేది, పప్పు ఉడికేది, అన్నం వండి గంజి వార్చేవారు. నువ్వులు వేయించేవారు, అప్పడం ఇష్టమైతే కాల్చేవారు, లేకుంటే వేయించేవారు, తెలంగాణలో గోలించేవారు. రొట్టె కాల్చేవారు, దోసె వేసేవారు, అట్టు పోసేవారు. ఈ పనులన్నీ ఇప్పుడు ఫ్రై చేయడం, బాయిల్ చేయడం, రోస్ట్ చేయడం. ఇంకా తొందరలో ఉంటే ఒక్క ‘చేయడం’.

అప్పు తెచ్చుకోవడం తప్పని నేననను. తెలుగు పండితుడు ఆ మాట అంటే సంస్కృతానికి ఎంత బాకీ ఉన్నామో లెక్క చెప్పవలసి వస్తుంది. ఇంగ్లీషువాడూ ఫ్రెంచి వంటిల్లు మొత్తం ఎత్తుకు వచ్చినాడు. అయితే తెచ్చుకొన్న ప్రతి మాటకూ వేరే పని అప్పగించినాడు. పోచ్ చేసే చోట సాటే అనడు, సిమ్మర్ చేయమన్న చోట బాయిల్ చేయడు. పది మాటలు వచ్చి పదకొండైనవి. మన ఇంట్లో ఒక మాట వచ్చి ఆరింటిని గెంటివేస్తున్నది. అది అప్పు కాదు, ఇల్లు అమ్ముకోవడం.

పనిముట్టు పోతే మాట పోవడం సహజమే, దానికి నేను ఏడవను. సన్నికల్లు మీద నూరడం, రుబ్బురోట్లో రుబ్బడం, రోట్లో దంచడం, తిరగలిలో విసరడం అనే నాలుగు పనులనూ కరెంటు యంత్రం ఒక్కటే చేస్తున్నప్పుడు నాలుగు క్రియలూ నిలవాలని పట్టుబట్టడం చాదస్తం. ‘మిక్సీ పట్టడం’ అని జనం కల్పించుకొన్న మాట నాకు బాగానే ఉన్నది. పిండి మరలో పట్టించడమనే పాత వాడుకకు అది చక్కని కొనసాగింపు. కుక్కరు విజిలు వేయడమూ ఇంట్లో పుట్టిన మాటే. కాని పాలు నేటికీ కాగుతూనే ఉన్నవి, చారు మరుగుతూనే ఉన్నది. పని మారలేదు, మాట మాత్రం పోతున్నది. దీనికి కారణం యంత్రం కాదు.

ఎసరు విషయం కొంచెం ఆగి చెప్పాలి. ‘నా ఉద్యోగానికి ఎసరు పెట్టినాడు’ అన్న మాట వార్తాపత్రికలలో ఈనాటికీ కనిపిస్తుంది. ఎసరంటే బియ్యం పోయడానికి ముందుగా పొయ్యి మీద కాచే నీళ్ళు. ఎసరు పెట్టినారంటే వంట మొదలైనదని, ఇక బియ్యం పడడమే తరువాయి అని అర్థం. తన ఎసరులో తానే బియ్యమైపోయే మనిషి దుస్థితి ఆ నుడికారంలో ఉన్నది. ఇంగ్లీషులో ‘అతడి బాతు వండబడినది’ అన్నట్లుగా ఒక పలుకుబడి ఉన్నది. పని అయిపోయినదని దాని భావం. మనది పొయ్యి వెలిగించేటప్పటిది, వారిది వంట దింపేటప్పటిది. కరెంటు కుక్కరులో బియ్యమూ నీళ్ళూ ఒకేసారి పోసి మీట నొక్కే పిల్లలకు ఎసరు కంటబడదు. మా మనవరాలికి ఈ మాట చెప్పితే, “అంటే ఏమిటి తాతయ్యా, పాయిజనా?” అని అడిగినది. ఉద్యోగానికి పెట్టేది విషమేగదా అని ఆ పిల్ల ఊహ. తప్పు పట్టలేకపోయినాను.

నుడికారాన్ని దాని వంటింటి నుండి విడదీసి నేర్పడం వలన వచ్చే చిక్కు ఇది. మా వీధిలో ఒక ఏడవ తరగతి కుర్రవాడు ఇంగ్లీషు జాతీయాలకు తెలుగు అర్థాలు వ్రాసుకొన్న పుస్తకం చూపినాడు. ‘చిటికెడు ఉప్పుతో తీసుకొనుట’ అని ఒకటి. ఆ మాటకు పూర్తిగా నమ్మవద్దని అర్థం. మన దగ్గర ఉప్పూకారం చల్లి చెప్పడమంటే ఉన్నదానికి రెండింతలు చేసి చెప్పడం. వారి ఉప్పు వినేవాడి చేతిలో ఉన్నది, మన ఉప్పు చెప్పేవాడి చేతిలో ఉన్నది. ఇంకొకటి వెన్న. ఇంగ్లీషులో ఒకరికి వెన్న పూయడమంటే ముఖస్తుతి. హిందీ వైపునుండి వచ్చిన ‘మస్కా కొట్టడం’లోని మస్కా కూడా వెన్నే. తెలుగులో మాత్రం వెన్నకు ఆ మచ్చ లేదు. మనకది వెన్నతో పెట్టిన విద్య, వెన్నపూస వంటి మనసు. ఆ కుర్రవాడు ‘వెన్న పూయుట’ అని వ్రాసుకొని, ప్రక్కన ‘మంచిగా చూచుకొనుట’ అని అర్థం వ్రాసినాడు. తెలుగు తెలిసిన పిల్లవాడు గనుకనే తప్పాడు!

అన్నీ ఇట్లా ఎడమొగం పెడమొగంగా లేవు. పెనం మీదనుండి పొయ్యిలో పడడం రెండు భాషలలోనూ అక్షరాలా ఒక్కటే. పెనమూ పొయ్యీ ఉన్న ప్రతి దేశంలోనూ అది ఎవరికి వారికి తోచగల మాట. వంటవాళ్ళు ఎక్కువైతే పులుసు చెడుతుందని వారంటే, పదిమంది చేతిలో పాము చావదని మనమంటాము. అక్కడ వంటిల్లు, ఇక్కడ పెరడు. కాని ధాన్యం దగ్గరకు వచ్చేసరికి దారులు వేరు. వారి భాష గోధుమరొట్టె మీద నిలిచినది. లార్డ్ అన్న మాట పూర్వరూపానికి రొట్టెను కాపాడేవాడని, లేడీకి రొట్టెపిండి పిసికే ఆమె అని అర్థం. కంపానియన్ అంటే కలిసి రొట్టె తినేవాడు. గొప్ప కొత్త వస్తువును ‘కోసిన రొట్టె తరువాత ఇదే’ అని పొగుడుతారు. యంత్రంతో ముక్కలు కోసిన రొట్టె 1928లో అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో తొలిసారి అమ్మకానికి వచ్చినది. మన భాష వరి మీద నిలిచినది. వడ్లు, బియ్యం, నూకలు, అటుకులు, బొరుగులు, అన్నం అని మనం విడివిడిగా చెప్పేవానిలో సగానికి పైగా వారికి రైస్. భూమి మీద నూకలు చెల్లినవంటే ఆయువు తీరినదని. మా శ్రీమతి విషయంలో ఆ మాట నా నోట రాలేదు గాని, వచ్చినవారిలో ఒక పెద్దావిడ అన్నది. ఎంత మెత్తని మాట!

మరొక తప్పు కూడా చెప్పి లెంపలు వేసుకోవాలి. రోమను సైనికులకు జీతంగా ఉప్పు ఇచ్చేవారని, అందుకే శాలరీ అన్న మాట పుట్టినదని ఏటేటా పిల్లలకు నూరిపోసినాను. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్న జాతీయం చెప్పేటప్పుడు ఎంతో అందంగా అమరేది. లాటినులో ఆ మాటకు ఉప్పుతో చుట్టరికం ఉన్న మాట నిజమే. కాని ఉప్పునే జీతంగా పంచినారనడానికి ఆనాటి ఆధారమేదీ లేదు. జాతీయాల పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథలు చాలావరకు ఇట్లా తాలింపు ఘాటు ఎక్కువైనవే.

చుట్టరికాలలో నిజమైనది, తెలుగు పండితులకు సంతోషం కలిగించేది ఒకటున్నది. కుక్, కిచెన్ అనే మాటలకు మూలమైన లాటిను ధాతువూ, మన పాకం, పక్వం అనే మాటలకు మూలమైన సంస్కృత ధాతువూ ఒకే ప్రాచీన ధాతువు నుండి చీలినవి. రెండు చోట్లా వండడం, పండడం కలిసిపోయినవి. వయసుకు మించిన తెలివి ఉన్న పిల్లవాడిని ప్రికోషియస్ అంటారు. ముందే ఉడికినవాడని దాని అసలు అర్థం. మనం బుద్ధికి పరిపక్వత అంటాము. కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని పేర్లు పెట్టినాము. నోట్లో వేసుకోగానే రసమూరేది ఒకటి, తొక్క తీయవలసినది ఒకటి, పగలగొట్టవలసినది ఒకటి. ఎందరికో ఈ పాకాలు చెప్పినాను గాని, పొయ్యి మీద పాకం తీగ సాగడం ఎట్లా ఉంటుందో అరవై దాటినదాకా నేను చూడలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ వంటింటి గడప అవతలే నా కుర్చీ.

దోర దగ్గర కూడా ఇదే చిక్కు. హాఫ్ బేక్డ్ అని ఇంగ్లీషులో అన్నారంటే తిట్టు. ఆలోచన సగం కాలిన రొట్టెలాగా పనికిరానిదని. మన దోర సగమే గాని తిట్టు కాదు. దోరజామకాయ పండిన జామపండు కన్నా రుచి. దోరగా వేయించడమంటే సరిగ్గా ఆగవలసిన చోట ఆగడం. పండ్లకు, సెగకు, వయసుకు ఒకే మాట. దీనికి మిత్రుడు ఇచ్చిన ‘లైట్లీ టోస్టెడ్’ అర్థానికి సరిపోయినది గాని జామకాయ దొరకలేదు.

‘కంటికి తెలుస్తుంది’ అన్నదానిని చూచి మా అమ్మాయి, “అమ్మ కొలతలు ఎప్పుడూ ఇంతే” అని విసుక్కున్నది. ఆమె కొలతలు నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం, సోలెడు బియ్యం. ఇంగ్లీషు పుస్తకాలలో గరిటెలు, కప్పులు చదును చేసి కొలుస్తారుగదా అని ఆమె వాదన. ఆ చదును కొలతలకు ప్రాచుర్యం తెచ్చినది 1896లో బోస్టను వంట పాఠశాల పేరిట ఫానీ ఫార్మర్ ప్రచురించిన పుస్తకం. అంతకు ముందు అమెరికా గృహిణులూ గ్రుడ్డంత వెన్న, అక్రోటుకాయంత వెన్న అని వ్రాసుకొన్నవారే. ఉసిరికాయ అక్రోటుకాయ అయినదంతే. ఈ సంగతి చెప్పిన తరువాత అమ్మాయి ఏమీ అనలేదు, మరునాడు మాత్రం ఫోను చేసి, “మన ఉసిరికాయ సుమారు ఎన్ని గ్రాములుంటుంది నాన్నగారూ?” అని అడిగినది.

మాటలను కుదించివేసే జబ్బు మనకొక్కరికే ఉన్నదనడం అన్యాయం. తమిళుల ‘కఱి’ని (శకటరేఫం ఇక్కడ తప్పనిసరి) తీసుకొని ఇంగ్లీషువారు కరీ చేసుకొన్నారు. 1747లో హానా గ్లాస్ ప్రచురించిన వంటల పుస్తకంలోనే దానిని వండే విధానం కనిపిస్తుంది. ఆ తరువాత మన పులుసు, ఇగురు, కూర, వేపుడు, కుర్మా ఏదైనా వారికి కరీయే. నవ్వుకొన్నాము. ఇప్పుడు మన పట్టణాలలో సందుకొక కర్రీ పాయింటు. ఓడెక్కి వెళ్ళిన మాట ఓడ దిగి వచ్చి, మన కూరను మనకే పొట్లం కట్టి అమ్ముతున్నది. ఒంటరివాడిని, నేనూ కొంటాను. రుచి బాగానే ఉంటుంది. ఆ అబ్బాయిని ఒకసారి, “ఇది ఇగురా, వేపుడా?” అని అడిగితే, “డ్రై కర్రీ సార్” అన్నాడు.

పాఠ్యపుస్తకాలు వ్రాసేవారికి నా మనవి ఒక్కటే. ఇంగ్లీషు జాతీయం చెప్పేటప్పుడు వారి పొయ్యిని చూపండి, తెలుగు జాతీయం చెప్పేటప్పుడు మన పొయ్యిని చూపండి. ప్రక్కప్రక్కన పెట్టి ‘దీనికి ఇది సమానము’ అని గీత గీయకండి. తెలుగు వాచకంలో వంటింటి క్రియలకు ఒక పాఠం ఉండాలి. ఆ పాఠం మగపిల్లలచేత కూడా పొయ్యి దగ్గరే చదివించాలి. నావంటివాడు ఇంకొకడు తయారుకాకుండా ఉంటాడు.

పుస్తకం సగం దాకా వచ్చినది. మగ్గడాన్ని చివరకు అనువదించలేదు. ఫ్రెంచివారి సాటేను ఇంగ్లీషువారు ఎట్లా ఉన్నదానిని అట్లాగే తీసుకొన్నారు గనుక, నేనూ మగ్గుని ఇంగ్లీషు అక్షరాలలో అట్లాగే వ్రాసి, క్రింద నాలుగు వాక్యాలలో ఎట్లా చేయాలో వివరించినాను. వ్రాసేముందు నేనే వండి చూచినాను. మొదటిసారి అడుగంటినది, రెండవసారి నీళ్ళు పోసినాను, మూడవసారి మగ్గినది. మనవరాలు మొన్న ఫోనులో గిన్నె మూత తీసి చూపించి, “తాతయ్యా, మగ్గిందా?” అని తెలుగులోనే అడిగినది. ఆవిరికి తెర మసకబారి నాకేమీ కనిపించలేదు. ఇంకో రెండు నిమిషాలు ఉంచమన్నాను.